మేధ్య మూలికలు – స్మృతి సాధన

శ్రీమద్భగవద్గీత పదవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను చెప్పుచు కీర్తి, శ్రీ, వాక్కులతోపాటు స్మృతి, మేధ, ధృతి, క్షమలను కూడ తన రూపములుగా పేర్కొనెను. పదునైదవ అధ్యాయమున స్మృతియు, జ్ఞానమును, వాని తొలగుటయు తనవలననే కలుగుచున్నవని సెలవిచ్చెను. కావున జ్ఞాపకశక్తి మనము సంపాదించుకొన్న సొత్తు కాదు. పరమాత్మ మనయొద్ద ఉంచిన నిక్షేపము. నిక్షేపమును కాపాడుట మన విధి. ఆ కాపాడు విధానమును గూర్చి ఆయుర్వేదము చెప్పిన మాటలను ఇచట విచారింతము.

మేధయనగా నేమి? గ్రహించినదానిని నిలుపుకొనగల బుద్ధియే మేధయని అమరసింహుడు నిర్వచించెను. చరకమహర్షి ధీ, ధృతి, స్మృతి అను మూడింటిని వేర్వేరుగా చెప్పెను. మంచిచెడ్డలను ఉన్నదున్నట్లు గుర్తించునది ధీ. మనస్సును అహితమునుండి మరలించునది ధృతి. చూచినది, విన్నది, అనుభవించినది మరల తలపునకు వచ్చుట స్మృతి. ఈ మూడును చెడినపుడు మానవుడు చేయు తప్పునే ప్రజ్ఞాపరాధమనిరి. సర్వదోషములను ప్రకోపింపజేయునది అదియే.

మేధను పెంచు ఔషధములకు మేధ్యములని పేరు. చరకసంహిత చికిత్సాస్థానము మొదటి అధ్యాయమున నాలుగు మేధ్య రసాయనములు చెప్పబడినవి. మండూకపర్ణి స్వరసము మొదటిది. పాలతో సేవించు యష్టిమధు చూర్ణము రెండవది. గుడూచి రసము మూడవది. శంఖపుష్పి కల్కము నాలుగవది. వీనిలో శంఖపుష్పి విశేషముగా మేధ్యమని ఆచార్యుడు నొక్కి చెప్పెను. మన ఇండ్లలో యష్టిమధువును అతిమధురమనియు, గుడూచిని తిప్పతీగయనియు అందురు. శంఖపుష్పిగా మన వైద్యులు పలువురు గ్రహించునది విష్ణుక్రాంతము. నేలనంటి ప్రాకి, చిన్న నీలిపూవులు పూయు ఈ మొక్క వినాయకచవితి పత్రిలో ఒకటిగా అందరికిని పరిచితమే. త్రివిక్రముని అడుగును తలపించు ఆ పేరు వైష్ణవులకు మరింత ప్రీతికరము.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. మా మాదన్నపేట కూరగాయల బజారునుండి వచ్చుచు ఒక ఇల్లాలు రెండు కట్టల ఆకులు చూపి, “పంతులుగారూ, అమ్మినవారు రెండింటిని బ్రాహ్మియే అన్నారు. పిల్లవానికి పరీక్షలు వచ్చుచున్నవి. ఏది పెట్టమందురు?” అని అడిగినది. ఒకటి గుండ్రని ఆకు, అంచున సన్నని నొక్కులు, పొడుగైన కాడ కలది; అది మండూకపర్ణి, మన సరస్వతి ఆకు. రెండవది చిన్న దళసరి ఆకులతో తేమనేలపై ప్రాకు నీటి బ్రాహ్మి. రెండును మేధ్యములే కాని ఒకటి కావు. సుశ్రుతుడు మేధాయుష్కామీయాధ్యాయమున రెండింటిని వేరువేరుగ చెప్పియున్నాడు. శంఖపుష్పి విషయమునను ఇట్టి భేదమే కలదు. ఉత్తరదేశమున మరొక మొక్కను ఆ పేరుతో వాడుదురు; కొన్నిచోట్ల దింటెన పూవునకు ఆ పేరు చెల్లుచున్నది. పేరొకటి, వస్తువొకటి అయినపుడు శాస్త్రము చెప్పిన ఫలమును ఎట్లు ఆశింతుము? నేను వైద్యుడను కాను. ఆకులను వైద్యునకు చూపి అడుగుమని ఆమెకు చెప్పి పంపితిని.

మంచి మూలికయైనను అందరికిని అన్నివేళల మంచిది కాదు. అతిమధురము ఎక్కువ దినములు సేవించినచో రక్తపు పోటు పెరుగును, శరీరమున పొటాషియము తగ్గును. తిప్పతీగను తమంతట తాము విరివిగా వాడినవారిలో కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లు 2021లో వైద్యులు ప్రకటించిరి. దానిని పోలిన వేరొక తీగవలన కూడ ప్రమాదము కలుగవచ్చునని ఆయుష్ శాఖవారు హెచ్చరించిరి. పసిబిడ్డలకు వసకొమ్ము అరగదీసి నాకించుట మన పెద్దల ఆచారము. అధికముగా మాటలాడు పిల్లను చూచి వసపిట్టయందుము. వసయందు బీటా అసరోన్ అను హానికర పదార్థము ఉండునని నేటి పరిశోధనలు తేల్చినవి. కావున వైద్యుని అడుగక పసివారి నాలుకకు రాయకుండుట మేలు.

నీటి బ్రాహ్మిపై నేటివారు పరీక్షలు జరిపిరి. సుమారు 12 వారములు క్రమముగా సేవించినవారిలో కొందరికి నేర్చినది గుర్తుకు తెచ్చుకొను శక్తి కొంత మెరుగైనట్లు కనబడినది. పరీక్షకు ముందు వారము రోజులు మ్రింగి అద్భుతమును ఆశించుట దీనినిబట్టియే వృథాయని తెలియుచున్నది.

పెద్దల మతిమరపు ఇంతకంటె ముఖ్యమైన విషయము. నేనెరిగిన ఒక గృహమున నిత్యము విష్ణుసహస్రనామమును పుస్తకము చూడక పారాయణ చేయు వృద్ధుడు ఉండెను. క్రమముగా నామములు తడబడజొచ్చినవి. చెప్పిన నామమే మరల చెప్పి, తడబాటు తనకే తెలిసి, కన్నీరు పెట్టుకొనెడివాడు. ఇంటివారు వయోధర్మమని తలచి ఏడాదిపాటు సరస్వతి ఆకు రసమే ఇచ్చిరి. తుదకు రక్తపరీక్ష చేయించగా విటమిన్ బి12 మిక్కిలి తక్కువగా ఉన్నట్లు తేలినది. సూదిమందుతో కొన్ని నెలలకు చాలవరకు తేరుకొనెను. ఆలస్యము జరిగినందున పూర్తిగా తేరుకొనలేదు. ఈ విటమిన్ ఆకుకూరలలో, పప్పులలో ఉండదు. శాకాహారులకు పాలు, పెరుగుల వలననే లభించును. వయస్సు మీరినవారికి తిన్నదానినుండి అది ఒంటబట్టుటయు తగ్గును. మన వైష్ణవ గృహములు దీనిని తప్పక గుర్తింపవలెను. థైరాయిడ్ లోపము, మనోవ్యాకులత, కొన్ని నిద్రమందులు కూడ మరపును కలిగించును. ఇవన్నియు చికిత్సకు లొంగునవి. రోగనిదానము చేయక మూలికనిచ్చుట ఆయుర్వేదమునకే విరుద్ధము. ముందు రోగమును పరీక్షింపుము, పిదప ఔషధమును నిర్ణయింపుమనియే చరకుని ఆదేశము.

ఇక స్మృతి కలుగుటకు చరకుడు శారీరస్థానమున ఎనిమిది కారణములు చెప్పెను. కారణమును చూచి కార్యమును తలచుట నిమిత్తగ్రహణము. ఒక ఆకృతిని చూచినపుడు అట్టి ఆకృతి గలది తోచుట రూపగ్రహణము. తండ్రి పోలికను కొడుకునందు చూచి తండ్రిని తలచుట సాదృశ్యము. వ్యతిరేకమును చూచి తలచుట విపర్యయము. మనస్సును లగ్నము చేయుట సత్త్వానుబంధము. మరల మరల చేయుట అభ్యాసము. తత్త్వజ్ఞానము వలన కలుగునది జ్ఞానయోగము. కొంత విన్నంతనే మిగిలినది తోచుట పునఃశ్రుతము. ఈ ఎనిమిదింట ఒక్క మూలికయు లేదు! మూలిక పొలమునకు ఎరువువంటిది. దున్నుట, విత్తుట మన పని.

కూరేశుల చరిత్రము దీనికి నిదర్శనము. శ్రీభాష్య రచనకై శ్రీరామానుజాచార్యులు కాశ్మీరమునుండి బోధాయనవృత్తిని తెచ్చుచుండగా అచటివారు దారిలో దానిని తిరిగి తీసికొనిపోయిరట. ఆచార్యులు చింతించుచుండ కూరేశులు, తాము రాత్రులయందు గురుసేవానంతరము దానిని చదివి హృదయమున నిలుపుకొంటిమని విన్నవించిరని గురుపరంపర చెప్పును. వారు ఏ రసాయనము సేవించిరో సంప్రదాయము చెప్పదు. చెప్పినది గురుభక్తియు, ఏకాగ్రతయు మాత్రమే.

మా పేటకు పేరిచ్చిన మాదన్న మంత్రికి మేనల్లుడని ప్రసిద్ధి చెందిన రామదాసు గోలకొండ చెరసాలలో పాడిన కీర్తనలు నేటికిని మన నాలుకలపై నిలిచియున్నవి. తల్లి పాడగా బిడ్డ వినుట, బిడ్డ పాడగా తల్లి దిద్దుట, ఇదియే పునఃశ్రుతము, ఇదియే అభ్యాసము. ధనుర్మాసమున తిరుప్పావై 30 పాశురములు రోజుకొకటిగా పిల్లలచేత చెప్పించు గృహములు మేధకు చేయు ఉపకారము ఇంతింత యనరాదు.

చరకుడే చికిత్సాస్థానమున ఆచార రసాయనమును చెప్పెను. సత్యమును పలుకువాడు, కోపము లేనివాడు, మేలుకొనుటయు నిద్రయు సమముగా కలవాడు, నిత్యము దానము చేయువాడు, గురువులను వృద్ధులను పూజించువాడు ఔషధము లేకయే రసాయనఫలమును పొందునట. కావున మూలికను వైద్యుని చేతినుండి, పాఠమును గురువు నోటినుండి, స్మృతిని శ్రీనివాసుని కృపనుండి గ్రహింతుము గాక! మన ఇంటి పెద్దలు నామము మరచిన నాడు విసుగుకొనక, ఆ నామమును మనమే వారి చెవిలో మెల్లగా అందింతుము గాక!