పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, సైన్ ఆఫ్: రష్యన్ టీమ్‌తో పనిచేసేవారికి

రష్యన్ ఎక్కువగా మాట్లాడే బెలారస్ రాజధాని మిన్స్క్‌లో పెరిగి పెద్దదైన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈపామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసే ఉంది. డాక్టర్ రెడ్డీస్‌కు రష్యా ఏళ్ల తరబడి ముఖ్యమైన మార్కెట్. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక చాలామంది రష్యన్ ఇంజినీర్లు ఆర్మేనియా, జార్జియా, సెర్బియా, కజకిస్తాన్‌లకు వెళ్లి అక్కణ్నుంచే పనిచేస్తున్నారు. అలాంటివాళ్లతో రోజూ కాల్‌లో కూర్చునే తెలుగువాళ్లకు ఈ మాటలు. మీ మధ్య నడిచేది ఇంగ్లిష్. అది మీ ఇద్దరికీ నేర్చుకున్న భాషే. టెక్నికల్ పదాల దగ్గర పేచీ రాదు, అవి ఇద్దరికీ కొట్టిన పిండే. పని చెడేదల్లా చిన్న మాటల దగ్గర.

ఒక్క 'ఆఫ్' సంగతే చూడండి. రిలీజ్‌ను 'పుట్ ఆఫ్' చేశారంటే వాయిదా వేశారని. 'కాల్ ఆఫ్' చేశారంటే పూర్తిగా రద్దు చేశారని. 'సైన్ ఆఫ్' చేశారంటే ఆమోదించారని. 'పుల్ ఆఫ్' చేశారంటే కష్టమైన పనిని సాధించారని. 'లే ఆఫ్' అంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వినేవాడు ఆ 'ఆఫ్' ఒక్కటే పట్టుకుని ఏదో ఆగిపోయిందనుకుంటే, ఆమోదం వచ్చిన పనిని పక్కన పెట్టేస్తాడు. వాయిదా పడిన పనిని రద్దయిందని వదిలేస్తాడు.

రష్యన్‌కు ఎక్కడ తడబాటు

క్రియకు చిన్న ముక్క తగిలించి అర్థం మార్చడం రష్యన్లకు కొత్తేమీ కాదు. వాళ్ల భాష నడిచేదే అలా. 'పిసాత్' అంటే రాయడం. 'జపిసాత్' అంటే రాసిపెట్టుకోవడం, 'పత్‌పిసాత్' అంటే సంతకం చేయడం, 'పెరెపిసాత్' అంటే తిరగరాయడం, 'స్పిసాత్' అంటే పక్కవాడి కాగితంలో చూసి రాయడం, 'దపిసాత్' అంటే రాయడం పూర్తి చేయడం. ముక్క ముందే వస్తుంది, క్రియకు అతుక్కునే ఉంటుంది, ఎప్పుడూ విడిపోదు.

ఇంగ్లిష్‌లో అది వెనక వస్తుంది. పైగా దూరంగా జరిగిపోతుంది. 'దే టర్న్డ్ అవర్ రివైజ్డ్ ప్రపోజల్ డౌన్' అన్న వాక్యంలో ప్రపోజల్‌ను తిరస్కరించారన్న సంగతి ఆఖరి మాట దాకా తెలియదు. కాల్‌లో ఆ క్షణాన లైన్ సరిగ్గా లేకపోతే అసలు సమాచారమే పోయినట్టు.

మన తెలుగూ ఈ పని చేస్తుంది. చెప్పడం వేరు, చెప్పేయడం వేరు, చెప్పుకోవడం వేరు. పక్కన చేరిన 'వేయు', 'కొను' తమ సొంత అర్థం వదిలేసి క్రియ తీరును మారుస్తున్నాయి. అందుకే 'పుట్ ఆఫ్' లాంటి రెండు మాటల క్రియను, అంటే ఫ్రేజల్ వెర్బ్‌ను, నేర్చుకునేటప్పుడు రెండు మాటల అర్థాలూ విడిగా తీసి కూడకండి. మొత్తాన్ని ఒకే క్రియగా గుర్తుపెట్టుకోండి. రష్యన్ సహోద్యోగికి నేర్పాల్సి వచ్చినా అలాగే చెప్పండి: ఇది మీ 'జపిసాత్' లాంటిదే, కాకపోతే ముక్క వెనక వస్తుంది అని. వెంటనే అందుకుంటారు.

సులువనుకున్నది సులువు కాదు

ఎదుటివాళ్లకు ఇంగ్లిష్ అంతగా రాదనిపిస్తే మనం చిన్న మాటలు వాడతాం. రష్యన్ల విషయంలో ఇది చాలాసార్లు తిరగబడుతుంది. లాటిన్, గ్రీకు మూలాలున్న పెద్ద క్రియలు రష్యన్‌లో బోలెడున్నాయి. ఇగ్నోర్, అనలైజ్, ఇంటిగ్రేట్ అంటే వాళ్లకు సొంత భాష మాటలు విన్నట్టే ఉంటుంది. 'బ్రష్ ఆఫ్' అర్థం కానివాళ్లకు 'ఇగ్నోర్' ఇట్టే అర్థమవుతుంది.

విమాన పరిశ్రమ ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. మరమ్మతు పుస్తకాలు చదివే మెకానిక్‌లలో ఎందరికో ఇంగ్లిష్ సొంత భాష కాదు. అందుకని 1980లలో యూరప్ విమాన తయారీ సంస్థలు పరిమిత పదాలతో ఒక సరళమైన ఇంగ్లిష్‌ను తయారుచేశాయి. ఇప్పుడు దాని పేరు సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్. రెండు మాటలు కలిపి ఫ్రేజల్ వెర్బ్ తయారుచేయకూడదని అందులో నియమమే ఉంది. పొరపాటు పడితే ప్రాణాలు పోయే చోట పెట్టుకున్న ఆ నియమం మన మెయిళ్లకూ పనికొస్తుంది. 'పుట్ ఆఫ్' బదులు 'పోస్ట్‌పోన్', 'కాల్ ఆఫ్' బదులు 'క్యాన్సిల్', 'టర్న్ డౌన్' బదులు 'రిజెక్ట్', 'సైన్ ఆఫ్' బదులు 'అప్రూవ్', 'లుక్ ఇంటూ' బదులు 'ఇన్వెస్టిగేట్' అని రాయండి.

మన ఇంగ్లిష్‌నూ చూసుకోవాలి

తప్పు ఎప్పుడూ అవతలివైపే ఉండదు. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2018' అంటే మన దగ్గర డిగ్రీ పూర్తయిందని. పాఠ్యపుస్తకం ఇంగ్లిష్ నేర్చుకున్న రష్యన్‌కు మీరు ఆ ఏడు స్పృహ తప్పి పడిపోయారని అర్థం. 'గ్రాడ్యుయేటెడ్' అనండి. 'ప్లీజ్ రివర్ట్' ఇంకా ప్రమాదం. జవాబివ్వమని మీరు రాస్తారు. అవతల కూర్చున్న ఇంజినీర్‌కు రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం. కోడ్ గురించి నడుస్తున్న మెయిల్లో ఈ మాట వాడితే, పూర్తయిన పనిని అతను నిజంగానే తీసేయవచ్చు. 'ప్లీజ్ రిప్లై' చాలు.

జాతీయాల దగ్గర

ఒకరిని నమ్మించి మోసం చేస్తే తెలుగులో చెవిలో పువ్వు పెట్టారంటాం. రష్యన్‌లో చెవులకు నూడుల్స్ వేలాడదీశారంటారు. గోరంతను మనం కొండంత చేస్తే, వాళ్లు ఈగను ఏనుగు చేస్తారు. ఇలాంటివి వింతగా ఉంటాయి కాబట్టి వినగానే ఆగి అడుగుతాం. ఒకేలా కనిపించేవే దెబ్బతీస్తాయి. ముక్కు పట్టుకుని నడిపించడమంటే ఇంగ్లిష్‌లో మన ముక్కుతాడు వేసి తిప్పడంలాంటిది, చెప్పుచేతల్లో పెట్టుకోవడం. రష్యన్‌లో అదే మాటకు మోసగించడమని అర్థం. మేనేజర్ గురించి ఒకరు ఒకటి అంటే, ఇంకొకరు ఇంకొకటి వింటారు.

ఇంగ్లిష్ సొంత భాషైనవాళ్లకూ ఈ బాధ తప్పలేదు. 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారనీ, చివరికి ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని తేలిందనీ చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు.

రేపటి నుంచి చేయాల్సినవి

ఒకటి, అనుమానం వచ్చిన మాటను తేదీతోనో అంకెతోనో తిరిగి చెప్పండి. 'అయితే రిలీజ్ సోమవారం కాదు, శుక్రవారం. అంతేగా?' అని. 'అర్థమైందా?' అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు.

రెండు, ఫ్రేజల్ వెర్బ్ వాడక తప్పకపోతే దాన్ని విడదీయకండి. 'టర్న్డ్ డౌన్' అని ముందు చెప్పి, ఏం తిరస్కరించారో తర్వాత చెప్పండి.

మూడు, కాల్ అయ్యాక తీసుకున్న నిర్ణయాలను మూడు నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. రష్యన్ మిత్రుడు చెవితో పట్టుకోలేనిది కంటితో చదివి పట్టుకుంటాడు.

నాలుగు, పుస్తకంలోని పెద్ద జాబితాలు బట్టీ పట్టకండి. మీకొచ్చిన మెయిళ్లలో ఎదురైన వాక్యాన్నే నోట్‌బుక్‌లోకి ఎక్కించి, కింద ఒక్క మాటలో అర్థం రాసుకోండి. ఎవరు, ఏ పని గురించి అన్నారో గుర్తుంటే మాట మరిచిపోరు.

అన్నిటికన్నా ముఖ్యం, అర్థం కానప్పుడు అడగడం. లండన్ నుంచో న్యూయార్క్ నుంచో మేనేజర్ ఒక జాతీయం వదలగానే మీరూ, ఆర్మేనియాలో కూర్చున్న మీ సహోద్యోగీ ఇద్దరూ తల ఊపి ఊరుకుంటే, రెండు టీమ్‌లూ వారం రోజులు రెండు దారుల్లో పనిచేస్తాయి. 'దాని అర్థమేమిటో ఒకసారి చెప్తారా?' అని మీరే అడగండి. అది చిన్నతనం కాదు. అడగడానికి మొహమాటపడి కూర్చున్న మిగతావాళ్లకూ సాయం చేసినట్టే.