పని అప్పగించేవారికి, అందుకునేవారికి

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3, చరోడా తెలుగిళ్ళలో ఉద్యోగమంటే చాలాకాలం రెండే మాటలు: రైల్వే, భిలాయి ఉక్కు ప్లాంటు. రాయపూర్-విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు దారి దగ్గరైంది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించాక చేతికి పనీ దొరికింది. తాతలు యార్డులోనో మిల్లులోనో కుదురుకున్నారు. ఇప్పుడు మనవల దగ్గర డిగ్రీ ఉంది, లాప్‌టాప్ ఉంది, ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ ఉన్నాయి. పర్మినెంటు పోస్టు మాత్రం కనిపించడం లేదు. కాంట్రాక్టరు కింద గేట్‌పాస్ కోసం తిరగడమా, పోటీ పరీక్షలకి ఇంకో ఏడాది కూర్చోవడమా అని తేల్చుకోలేనివాళ్ళు వర్చువల్ అసిస్టెంట్ పని వైపు ఓసారి చూడొచ్చు.

అసిస్టెంట్ అంటే ఇక్కడ ఫోన్లో మాట్లాడే అలెక్సా కాదు. ఎక్కడో కూర్చుని ఇంకొకరి మెయిళ్ళు, అపాయింట్‌మెంట్లు, బిల్లులు, టెండర్లు చూసిపెట్టే మనిషి. ఈ పని కొత్తదేమీ కాదు. అమెరికన్ రచయిత ఏ.జె. జేకబ్స్ 2005లో ఎస్క్వైర్ పత్రికలో తన పనులన్నీ బెంగళూరు అసిస్టెంట్లకి అప్పగించిన వైనం రాశాడు. ఒక వ్యవహారం గురించి తన బదులు దిగులు పడే పని కూడా వాళ్ళకే ఇచ్చాడు! నవ్వుకోడానికి బాగుంటుంది గానీ, అప్పగించడంలో అసలు చిక్కు అలాంటి వింతల్లో ఉండదు. రోజువారీ చిన్న పనుల్లో ఉంటుంది.

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు నడిపే తెలుగాయన ఒకరున్నారనుకుందాం. ప్లాంటుకో రైల్వేకో సామాను అమ్మాలంటే ప్రభుత్వ కొనుగోళ్ళ కోసం 2016లో వచ్చిన జెమ్ పోర్టల్ మీద కన్నేసి ఉంచాలి. పగలంతా వెల్డింగ్ దగ్గర నిలబడ్డ మనిషి రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరిస్తే రెప్పలు వాలిపోతాయి. అందుకని బీకాం చదివిన పక్కింటి అమ్మాయిని పిలిచి, ‘‘అమ్మా, ఆ జెమ్ కాస్త చూస్తుండు, మనకి పనికొచ్చేవి ఉంటే చెప్పు’’ అంటారు. ‘‘అలాగే మావయ్యా’’ అంటుంది ఆ అమ్మాయి. పని చెడేది అక్కడే. ‘పనికొచ్చేవి’ ఏవో ఆయన తలలో ఉన్నాయి, ఆమె స్క్రీన్ మీద లేవు. వారం తిరిగేసరికి ఆమె అరవై టెండర్లు పంపుతుంది, ఆయన ఒక్కటీ తెరవరు. పిల్లకి పని రాదని ఆయన, మావయ్యకి తనకేం కావాలో తెలియదని ఆమె. నన్నడిగితే తప్పు ఎక్కువగా ఆయనదే.

అదే పనిని ఇలా రాసిస్తే? ‘‘రోజూ ఉదయం పదిలోపు ఈ నాలుగు రకాల సామాను బిడ్లు చూడు. డెలివరీ దుర్గ్, రాయపూర్, బిలాస్‌పూర్ జిల్లాల్లో ఉన్నవే తీసుకో. బిడ్ నంబరు, ముగిసే తేదీ, సమయం, ఈఎండీ (ధరావతు) ఎంత, చిన్న పరిశ్రమలకి మినహాయింపు ఉందా, అనుభవం ఎన్నేళ్ళు అడిగారు, ఇవన్నీ షీటులో వేరువేరు గడుల్లో వెయ్యి. మూడేళ్ళకి మించిన అనుభవం అడిగితే వదిలెయ్. గడువు మూడు రోజులే ఉంటే వాట్సాప్ పెట్టకు, ఫోన్ చెయ్. ధర సంగతి నేను చూసుకుంటా.’’ ఇందులో సగం పని జాబితా. చివరి మూడు వాక్యాలే అప్పగింత. దేన్ని ఆమె సొంతంగా వదిలెయ్యొచ్చో, దేనికి ఆయన్ని కదపాలో, దేని జోలికి అసలు పోకూడదో ఆ మూడు వాక్యాలే చెబుతున్నాయి. పనితోపాటు దాని నిర్ణయంలో ఎంత భాగం ఇస్తున్నారో చెప్పకపోతే, అసిస్టెంటు ప్రతిదానికీ అడుగుతూ ఉంటుంది, లేదా అడగాల్సిన చోట అడగదు.

ఇంత రాసినా ఆయన ఒకటి మర్చిపోయారు. టెండరు పిలిచాక కూడా గడువు మారుతుంది, షరతులు మారతాయి. ఆ సవరణని కారిజెండం అంటారు. కొత్త బిడ్లు మాత్రమే చూడమంటే పాతవాటిలో వచ్చిన మార్పు ఎవరి కంటా పడదు. ఆయనకది అలవాటైన విషయం కాబట్టి చెప్పాలని తోచదు. చురుకైన అసిస్టెంటైతే మొదటివారంలోనే, ‘‘షీటులో ఉన్నవి కూడా రోజూ మళ్ళీ తెరిచి చూడాలా మావయ్యా?’’ అని అడుగుతుంది. ఇంటర్వ్యూలో నేనైతే టైపింగ్ వేగం కంటే ఇలాంటి ప్రశ్నకే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఒకరికొకరు కనపడకుండా పని జరిపించుకునే పద్ధతి చరోడా రైల్వే కుటుంబాలకి కొత్తేం కాదు. సిగ్నల్‌తో ముడిపెట్టని లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్ గేటు వేశాక స్టేషన్ మాస్టరుకి ఫోన్లో ‘వేశాను’ అని ఊరుకుంటే చాలదు. తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి, మాస్టరు దాన్ని రాసుకోవాలి. వాడిన నంబరు కొట్టివేత. ఆ నంబరుంటేనే గేటు పడిందన్న హామీ. దూరంనుంచి చేసే ఏ పనికైనా ఇలాంటి గుర్తు ఒకటి ముందే అనుకోవాలి. ‘అయిపోయింది సార్’ అన్న మెసేజ్ గుర్తు కాదు. షీటులో ఈరోజు తేదీతో పడ్డ వరుస, పంపిన మెయిలు కాపీ, దాఖలు చేశాక వచ్చిన రసీదు నంబరు, ఇవీ గుర్తులు. అప్పగించేవారు అడగకపోయినా అందుకునేవారు ఇవ్వడం అలవాటు చేసుకుంటే, గంటగంటకీ ఫోన్ చేసి కనుక్కునే బాధ ఇద్దరికీ తప్పుతుంది.

తాళాల సంగతికొస్తే, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపడం మన దగ్గర మామూలైపోయింది, అది మానాలి. జీమెయిల్‌లో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే ఇంకొకరికి మెయిల్ చూసే అధికారం ఇచ్చే సదుపాయం ఉంది. జెమ్‌లో ప్రైమరీ యూజర్ కింద సెకండరీ యూజర్‌ని పెట్టుకోవచ్చు. డిజిటల్ సంతకం టోకెన్ మాత్రం ఎంత నమ్మకస్తులకైనా ఇవ్వకూడదు. ఐటీ చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం దాన్ని తన చేతిలో జాగ్రత్తగా ఉంచుకోవలసిన బాధ్యత సంతకందారుదే. బ్యాంకు ఓటీపీ కూడా అంతే. అసిస్టెంటు కూడా వీటిని ‘నాకొద్దండీ’ అనడం నేర్చుకోవాలి. రేపు ఏదైనా తేడా వస్తే మొదటి అనుమానం తన మీదికే వస్తుంది. యజమాని ధరల పట్టికని చాట్‌జీపీటీలో పెట్టేముందు కూడా ఆయన్ని ఒకమాట అడగాలి. మెయిలు చిత్తుప్రతి రాయడం లాంటి పనులు ఆ యంత్రం క్షణాల్లో చేసేస్తోంది నిజమే, కానీ ఆ మెయిలు పంపాలా వద్దా అన్నది తేల్చే మనిషికి గిరాకీ పోలేదు.

డాలస్‌లోని తెలుగువారి పని దొరికితే బాగుంటుందని చాలామంది ఆశ. దొరుకుతుంది కూడా. అయితే మనకీ వాళ్ళకీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. మార్చిలో, నవంబరులో వాళ్ళ గడియారం మారిన రోజే మీటింగు తప్పుతుంది. ఇంకో మాట, ఇక్కడి మూడో తరంలో తెలుగు గడగడా మాట్లాడినా చదవలేనివాళ్ళు చాలామంది. నెలరోజులు కూర్చుని లిపి నేర్చుకుంటే హైదరాబాదు పని కూడా అందుతుంది. ఖర్చులేని అర్హత అది.

‘ఇంటినుంచి డేటా ఎంట్రీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అన్న ప్రకటన కనిపిస్తే అటు పోకండి. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. మీ బ్యాంకు ఖాతా వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం అన్నవాడైతే మరీ ప్రమాదం. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మొదటి పని కోసం డాలస్ దాకా వెళ్ళక్కర్లేదు. దుర్గ్‌లో, రాయపూర్‌లో చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులున్నాయి, కాగితాలు అడుగుతూ క్లయింట్ల వెంట పడటమే వాళ్ళకి నెలనెలా పెద్ద తలనొప్పి. ‘‘ఇరవై మంది క్లయింట్ల నుంచి బిల్లులు రాబట్టి షీటులో పెడతాను, ఒక నెల చూసి చెప్పండి’’ అని అడగొచ్చు. ఆ నెలకీ ఎంతో కొంత ఇమ్మని అడగండి, ఊరికే చేసిన పనిని శ్రద్ధగా సరిచూసేవారు తక్కువ. వెళ్ళే తేదీ మాత్రం చూసుకోండి. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకి జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బి గడువు 20; మూడు నెలలకోసారి వేసేవారికి ఇక్కడ 3బి గడువు 22. ఆ రోజుల్లో వాళ్ళకి తలెత్తే తీరికుండదు. అవన్నీ దాటాక 23న, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు.