కోళ్లను, జీవాలను అడవి మృగముల నుండి కాపాడుకొనుట



అమ్రాబాదు గుట్టల మీది పల్లెలకు అడవి ఎంత దగ్గరో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ నల్లమల అడవి 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతములో చేరినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత కృష్ణానదికి ఉత్తరముననున్న భాగము అమ్రాబాదు పులుల రక్షిత ప్రాంతమైనది. దాని విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, రేచుకుక్క, తోడేలు, దుమ్ములగొండి, నక్క, అడవిపిల్లి, ముంగిస అన్నియు ఇచ్చట కలవు.

పది కోళ్లున్న ఇంట ఆడవారి చేతిఖర్చు వాటి మీదనే గడచును. రెండు మేకలు పోయినచో ఆ యేటి విత్తనముల పెట్టుబడి పోయినట్లే. కోపముతో మృగమును చంపినను లాభము లేదు. ఒక చిరుత పోయినచో ఖాళీయైన ఆ చోటికి మరియొకటి వచ్చును. రాత్రిపూట గూటిని, దొడ్డిని గట్టిపరచుటయే నిజమైన కాపుదల.

దొంగను గుర్తుపట్టుట

ముందుగా నష్టము చేసినది ఏదో తెలిసికొనవలెను. దానిని బట్టి ఉపాయముండును.

1. పట్టపగలు కోడిపిల్లలు ఒక్కొక్కటిగా మాయమైనచో గద్ద పని కావచ్చును.
2. గుడ్లు పెంకుతో సహా కనబడకున్నచో పామును అనుమానించవలెను. పగిలిన పెంకులు మిగిలినచో ఎలుక, పందికొక్కు లేదా ముంగిస వచ్చియుండును.
3. గూటి అడుగున మన్ను త్రవ్వియున్నచో నక్కనో, కుక్కనో అనుకొనవలెను. చాల కోళ్లు చచ్చి, తినకుండ పడియున్నచో తరచుగా అది ఊరకుక్కల పనియే.
4. మేక గొంతున లోతైన కోరల గాట్లున్నచో చిరుతను అనుమానించవలెను. వెనుక కాళ్ల మీద, తొడల మీద అనేక గాయములున్నచో కుక్కలు లేదా రేచుకుక్కలు తరిమియుండును.
5. అడుగు జాడలను చూడుడు. పులి, చిరుత నడచునపుడు గోళ్లను లోనికి ముడుచుకొనును, గనుక జాడలో గోరుగుర్తు సాధారణముగా పడదు. కుక్క, తోడేలు, దుమ్ములగొండి జాడలలో గోరుగుర్తు కనబడును.

కోళ్ల గూడు

గూటిని నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున గట్టి గుంజలపై కట్టవలెను. రాత్రి నిద్రకు ఒక్కొక్క పెద్ద కోడికి ఒకటిన్నర నుండి రెండు చదరపు అడుగుల చోటు చాలును. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల గూడు ఎనిమిది పది కోళ్లకు సరిపోవును.

అంగడిలో దొరకు పలుచని కోళ్ల జాలి కోడిని లోపల ఉంచునే గాని, కుక్కను వెలుపల ఆపలేదు. అరంగుళము కన్నులుగల గట్టి ఇనుప జాలి వాడవలెను. గూడు నేలమీదనే ఉన్నచో జాలిని అడుగు లోతున పాతవలెను. రాతినేల అయినచో గూటి చుట్టును ఒకటిన్నర అడుగు వెడల్పున జాలిని పరచి, దానిపై బండలు పేర్చవలెను. త్రవ్వ వచ్చిన మృగమునకు జాలియే అడ్డుపడును.

తలుపునకు త్రాడు కట్టిన చాలదు; గొళ్లెము పెట్టవలెను. ప్రొద్దుగూకక మునుపే కోళ్లను లెక్కించి మూయవలెను. గింజలు, మిగిలిన అన్నము గూటి దగ్గర వదలరాదు. వానికి ఎలుకలు, ఎలుకలకు పాములు వచ్చును.

పిల్లలకోడి మొదటి ఆరు, ఎనిమిది వారములు గద్ద కంట పడకుండవలెను. పిల్లలను గంప క్రింద ఉంచవచ్చును. పెరటిలో చిక్కుడు పందిరి వేసినచో కూరయు దొరకును, పిల్లలకు చాటును దొరకును.

మేకల, గొర్రెల దొడ్డి

ముళ్లకంప నక్కను కొంతవరకు ఆపును గాని చిరుతను ఆపదు. చిరుత ఎత్తైన గోడనైనను దుమికి లోపల పడగలదు. తప్పించుకొను దారిలేని మందలో పడినచో తినగలిగిన దానికంటె ఎక్కువ జీవాలను చంపును. కాబట్టి పైకప్పు లేని దొడ్డి, దొడ్డి కాదు. నాలుగు వైపుల గోడ లేక గట్టి తీగజాలి, పైన కూడ జాలి, సందులేని తలుపు ఉండవలెను. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా దేశముల మసాయి పశువుల కాపరులు కూడ తరతరములుగా ముళ్లకంప దొడ్లే కట్టిరి. ఇటీవల వారిలో పలువురు కంపకు తీగజాలి చేర్చి, సింహముల వలని నష్టమును తగ్గించుకొనిరి.

ఖర్చుకు వెనుదీయువారు ఇరుగుపొరుగు కలిసి ఒకే దొడ్డి కట్టుకొనవచ్చును. కావలికుక్క మొరుగును గాని, కుక్కయే చిరుతకు ఇష్టమైన ఆహారము. రాత్రి దానిని వెలుపల కట్టి వదలరాదు. దీపము ఒకేచోట రోజూ వెలుగుచున్నచో మృగము దానికి అలవాటు పడును; చోటు మార్చుచుండవలెను.

మేపునపుడు

పొడతూర్పు పశువులు ఈ ప్రాంతపు ఆస్తి. 2020లో వీనికి దేశీయ జాతిగా గుర్తింపు లభించినది. ఇట్టి పశువులను కాపరి లేకుండ అడవికి విడువరాదు. మందను చెదరనీయక, చీకటి పడక మునుపే ఇంటికి త్రోలవలెను. తెల్లవారుజామున, సందెవేళ నీటి గుంటల దగ్గరకు పోనీయరాదు. నిండుచూలు ఆవును, లేగదూడను ఇంటి దగ్గరనే ఉంచవలెను. రక్షిత ప్రాంతములో మేత మేపుటకు నిబంధనలు కలవు. ముందుగా అటవీ సిబ్బందిని అడిగి తెలిసికొనుడు.

నష్టము జరిగినచో

చచ్చిన పశువును కదపవద్దు. ఆ చుట్టుపట్ల జాడలు చెరపవద్దు. వెంటనే అటవీ సిబ్బందికి, పశువైద్యునికి తెలుపవలెను. వారి పరీక్షయే పరిహారమునకు ఆధారము. ఆలస్యమైనకొలది గుర్తులు చెడును. ఎర దొరకకున్నచో మృగము త్వరలోనే మరియొక పశువుపై పడవచ్చును. అందువలన కూడ శవమును తీసివేయరాదు. గుంపుగా కేకలు వేయుచు చిరుతను తరుమరాదు. ప్రాణభయముతో అది మనిషిపై తిరుగబడును.

శవమునకు విషము పూయుట ఎన్నడును చేయరాదు. ఆ విషము మీ కుక్కను, రాబందును, దారినపోవు పశువును కూడ చంపును. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము పులిని గాని, చిరుతను గాని చంపినవారికి మూడేండ్లకు తగ్గని జైలుశిక్ష కలదు. మేకను పోగొట్టుకొన్న ఇల్లు ఇంటి పెద్దను కూడ పోగొట్టుకొనరాదు.

ముందు చేయవలసిన పని

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కారాదు. ఈ సాయంకాలమే గూటి చుట్టును తిరిగి చూడుడు. రెండు వ్రేళ్లు పట్టు సందులన్నింటిని మూయుడు. తలుపునకు గొళ్లెము పెట్టుడు. ఈ రెండు పనులకు డబ్బు అంతగా అక్కరలేదు. పంట చేతికి వచ్చిన తరువాత మేకల దొడ్డికి పైకప్పు వేయుడు. చీకటి పడిన తరువాత పిల్లలను ఒంటరిగా దొడ్డి దగ్గరకు పంపకుడు. గూటి కొలతలు, జాలి రకముల గూర్చి సలహా కావలసినవారు పాలెం కృషి విజ్ఞాన కేంద్రమును గాని, దగ్గరి పశువైద్యశాలను గాని అడుగవచ్చును.