అన్నాన్ని కొలిచే కొలువులు

2019 ఆగస్టులో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో ఒక పరిశోధన మొదలైంది. ఊపిరితిత్తుల క్షయ సోకిన 2,800 మందికి మామూలుగా ఇచ్చే మందులతోపాటు నెలనెలా సుమారు 10 కిలోల తిండి సరుకులు అందించారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, వాటితోపాటు విటమిన్ మాత్రలు. సగం టీబీ యూనిట్ల పరిధిలో రోగి ఇంట్లోవాళ్లకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. మిగతా సగంలో ఇంట్లోవాళ్లకు ఇవ్వలేదు. రెండువైపులా కలిపి 10,345 మంది కుటుంబ సభ్యుల్లో ఎవరికి కొత్తగా జబ్బు అంటుకుంటుందో వెన్నంటి చూశారు. సరుకులు అందిన ఇళ్లలో క్షయ 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం తగ్గింది. 2023లో ‘లాన్సెట్’లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది.

ఇందులో కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. ఉన్నది అన్నం, పప్పు, లెక్క.

దీన్ని నడిపించింది మంగళూరులోని యేనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ. కానీ ఇద్దరు డాక్టర్లు 10 వేల మంది గడపలు తొక్కలేరు. నీట్‌లో ర్యాంకు రాలేదని దిగులుపడుతున్న బైపీసీ పిల్లలు ఈ పరిశోధనను ఒకసారి ఉద్యోగాల జాబితాగా చదివి చూడాలి. సంచిలో ఎన్ని కేలరీలు, ఎంత ప్రొటీన్ ఉండాలో నిర్ణయించింది పోషకాహార నిపుణులు. ఏ యూనిట్ ఏ వర్గంలో పడాలో చీటీ తీసినంత నిష్పక్షపాతంగా తేల్చేది గణాంక నిపుణులు. కఫం పరీక్షించింది ల్యాబ్ టెక్నీషియన్లు. సరుకులు నెల తప్పకుండా చేరేలా చూసేవాళ్లు, సమాచారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తప్పులు ఏరేవాళ్లు, ఇళ్లకు వెళ్లి బరువు తూచేవాళ్లు వేరే ఉన్నారు. చికిత్స మొదలైన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణం ముప్పు 61 శాతం తక్కువగా ఉందని ఇదే అధ్యయనం తేల్చింది. ఆ సంఖ్య పుట్టాలంటే ఎవరో ఒకరు రోగి ఇంటికి వెళ్లి, తూకం యంత్రాన్ని చదునైన నేల మీద పెట్టి, చెప్పులు విప్పించి, ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూసి, బరువు రాసి ఉండాలి. తూకం తప్పితే పేపర్ తప్పుతుంది.

పోషకాహార పరిశోధనలోకి రావాలనుకునేవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే. కోర్సు ఏదైనా, కాలేజీ ఏదైనా, ముందు రావాల్సిన విద్య కొలవడం. ఎవరు, ఏం, ఎంత తిన్నారు? ఎవరితో పోలిస్తే ఏం మారింది? ఈ ప్రశ్నలను నిజాయతీగా, ఓపికగా అడగగలిగినవాళ్లకు ఇక్కడ చోటుంది.

ఒక మనిషి నిన్న ఏం తిన్నాడో తెలుసుకోవడం వినడానికి సులువుగా ఉంటుంది. పోషకాహార సర్వేల్లో దీన్ని 24 గంటల డైట్ రీకాల్ అంటారు. కొలిచి పెట్టుకున్న గిన్నెలు, గరిటెలు పట్టుకుని వెళ్లి, ఇంట్లో వంట చేసే మనిషితో కూర్చోవాలి. "అమ్మా, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం వండారు?" అని మొదలుపెడితే ఆమె అన్నం, పప్పు చెబుతుంది. టీలో వేసిన చక్కెర చెప్పదు. తాలింపు నూనె చెప్పదు. పొలం దగ్గర తిన్న జామకాయ, పిల్లాడు కొట్లో కొనుక్కున్న చిప్స్ గుర్తురావు. అందరికన్నా ఆఖరున, గిన్నెలో మిగిలింది తాను తిన్న సంగతి అసలే చెప్పదు. ఆ ఖాళీని పసిగట్టి, ఆమె నొచ్చుకోకుండా మళ్లీ అడగడం శిక్షణతో, అనుభవంతో వచ్చే నైపుణ్యం. గట్క, సంకటి, అంబలి తేడా తెలిసి, అవి ఎంత చిక్కగా కాస్తారో అడగగల తెలుగు పిల్లలకు మన పల్లెల్లో ఈ పనిలో సహజంగానే పైచేయి ఉంటుంది. దీన్ని చిన్న అర్హతగా చూడకండి. దేశ విధానాలు ఈ జవాబుల మీద నిలబడతాయి.

ఈ పనికి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన, తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్ ఇదే. జొన్న ప్రధానాహారమైన దక్కన్ పల్లెల్లో పెల్లాగ్రా జబ్బు ఎందుకొస్తోందని పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం ఇక్కడే వెతికింది. పిల్లల చూపు పోకుండా ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పోసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలవడానికి ఈ సంస్థ పరిశోధనే ఆధారం.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం అంత పేరు రాని మరో అధ్యయనం. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో అంగన్‌వాడీ పథకం ఒక్కో ఊరికీ విస్తరిస్తున్న సమయంలో, కొన్ని ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. పథకం ఇంకా చేరని ఊళ్లతో పోల్చారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక 29 ఊళ్లలో 1,165 మందిని మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ ఉన్నారు. ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. రక్తనాళాలు బిరుసెక్కడం కూడా తక్కువే. 2008లో ‘బీఎంజే’ ఈ ఫలితాలు ప్రచురించింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన తిండికి పదిహేనేళ్ల తర్వాత గుండె ఆరోగ్యంతో సంబంధం ఉందని మన పల్లెలే చూపించాయి. పెళ్లిళ్లు చేసుకుని, చదువులకు, పనులకు ఊరు విడిచిన పిల్లల ఆచూకీ తీయగలిగిన క్షేత్ర సిబ్బంది లేకపోతే ఇందులో ఒక్క అంకె కూడా ఉండేది కాదు.

ఇక దారుల సంగతి. ఇంటర్ తర్వాత న్యూట్రిషన్ సబ్జెక్టుగా ఉన్న మూడేళ్ల బీఎస్సీ ఒక మార్గం. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్ ఇంకొకటి. ఒకప్పుడు హోమ్ సైన్స్ అన్నది ఇదే. సైఫాబాద్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాల, గుంటూరులో ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాల ఉన్నాయి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కూడా హోమ్ సైన్స్ చదువులున్నాయి. పీజీకి వచ్చేసరికి ఎన్‌ఐఎన్‌లోనే అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లలో ఎమ్మెస్సీ ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఏ డిగ్రీలను అర్హతగా తీసుకుంటారో ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి. ప్రజారోగ్యం వైపు వెళ్లాలంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో ఎంపీహెచ్ ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం యూజీసీ నెట్‌లో హోమ్ సైన్స్, సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయొచ్చు.

ఏ కోర్సులో చేరినా ఒక సబ్జెక్టును మాత్రం భయంతో పక్కన పెట్టొద్దు. అది స్టాటిస్టిక్స్. బైపీసీ పిల్లలు లెక్కలంటే తప్పించుకోవడం, అధ్యాపకులు చూసీచూడనట్టు పోవడం మన కాలేజీల్లో మామూలైపోయింది. రెండు గుంపుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చలేనివాళ్లు పరిశోధనలో ఎప్పటికీ ఇంకొకరి మీద ఆధారపడాల్సిందే. చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ‘హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్’ కోర్సు ‘స్వయం’ ఆన్‌లైన్ వేదికలో దొరుకుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలోనే చేసేయొచ్చు.

ఉద్యోగాల విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థల్లో ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్, ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్ పేర్లతో తరచూ ప్రకటనలు వస్తాయి. ఇవి తాత్కాలికం. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. అయినా మొదటి రెండు మూడేళ్లు ఇలాంటి చోట పనిచేయడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే క్షేత్రంలో నేర్చుకున్నది ఏ తరగతి గదీ ఇవ్వదు. ఆస్పత్రి డైటీషియన్‌గా మొదటి జీతం చాలాచోట్ల తక్కువే. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి రిజిస్టర్డ్ డైటీషియన్ అయితే విలువ పెరుగుతుంది. దానికి ముందు ఆస్పత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. వీళ్లందరికీ తిండి గురించి సరిగ్గా చెప్పే మనుషులు కావాలి.

ప్రభుత్వ కొలువుల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి), అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టులకు హోమ్ సైన్స్ డిగ్రీ పనికొస్తుంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కావాలనుకుంటే మాత్రం డిగ్రీ ఎంచుకునే ముందే నిబంధనలు చదవండి. అక్కడ అడిగేవి ఫుడ్ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటివి. డిగ్రీ చేతికొచ్చాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది ఉండదు.

క్రీడల వైపు ఆకర్షణ ఇప్పుడు బాగా పెరిగింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల విభాగంలో ఫైనల్ చేరిన వినేశ్ ఫోగట్ 100 గ్రాముల బరువు ఎక్కువైందని అనర్హురాలైనప్పుడు, క్రీడాకారుల వెనక తిండి, నీళ్లు, బరువు లెక్కలు చూసే నిపుణులు ఉంటారని దేశానికంతా తెలిసింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా అదే ఒలింపిక్స్‌లో 50 కిలోల బాక్సింగ్‌లోనే పోటీపడ్డారు. బరువు విభాగాలున్న ప్రతి ఆటలోనూ ఈ ఒత్తిడి ఉంటుంది. కానీ స్పోర్ట్స్ న్యూట్రిషనిస్ట్ పని బరువు దింపడం ఒక్కటే కాదు. చేసే కసరత్తుకు సరిపడా తిండి లేకపోతే ఆటగాళ్ల ఒంట్లో హార్మోన్లు తారుమారవుతాయి. అమ్మాయిలకు నెలసరి ఆగిపోతుంది, ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్స్ అని పేరుపెట్టి, 2023లో మార్గదర్శకాలను సవరించింది. పరుగు పందేలకు సిద్ధమయ్యే పదిహేనేళ్ల అమ్మాయికి నెలసరి ఆగితే "ప్రాక్టీస్ బాగా చేస్తోంది, అంతే" అని సరిపెట్టుకునే కోచ్‌లు, తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ అమ్మాయి పక్షాన నిలబడి "ఇది ఆకలి లక్షణం" అని ధైర్యంగా చెప్పేవాళ్లు జిల్లా స్థాయిలో దాదాపు లేరు. ఈ లోటు తీరాలని నాకు గట్టిగా ఉంది.

ప్రొటీన్ పొడుల సంగతి కూడా తెలిసి ఉండాలి. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ 2020లో చెప్పింది. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. గట్టిగా కసరత్తు చేసేవారికి 1.4 నుంచి 2 గ్రాములని అంతర్జాతీయ క్రీడా పోషకాహార సంఘం అంటుంది. ఈ రెండింటి మధ్య ఎవరు ఎక్కడ పడతారో లెక్కగట్టకుండానే జిమ్‌కు వచ్చిన ప్రతి కుర్రాడికీ డబ్బా అంటగట్టడం మనం చూస్తున్నాం. దేశంలో అమ్ముడవుతున్న 36 పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్‌కూ లోపలున్న దానికీ పొంతన లేదు. అదే ఏడాది వచ్చిన ఎన్‌ఐఎన్ ఆహార మార్గదర్శకాలు కండల కోసం ఈ పొడులు వాడొద్దనే చెప్పాయి. పోటీ క్రీడాకారులకైతే ఇంకో ప్రమాదం ఉంది. పొడిలో నిషిద్ధ పదార్థం కలిసి ఉంటే, తెలియక తిన్నా డోపింగ్ బాధ్యత ఆటగాడిదే.

నాలుగు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో న్యూట్రిషనిస్ట్ అయిపోవచ్చనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం డైటీషియన్లను, ప్రజారోగ్య పోషకాహార నిపుణులను, స్పోర్ట్స్ న్యూట్రిషనిస్టులను కూడా గుర్తింపు పొందిన వృత్తుల్లో చేర్చింది. కోర్సులో చేరేముందు ఈ చట్టం కింద దానికి గుర్తింపు ఉందో లేదో కాలేజీని రాతపూర్వకంగా అడగండి.

ఈ పని మీకు నప్పుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎన్‌ఐఎన్ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు సంపాదించండి. 528 ఆహారాల్లో 151 పోషకాలు, ఇతర అంశాల లెక్కలు అందులో ఉన్నాయి. ఒక ఆదివారం మీ ఇంట్లో వండిన ప్రతి పదార్థాన్నీ పచ్చిగా ఉన్నప్పుడే తూచి రాయండి. ఎవరి కంచంలో ఎంత పడిందో రాయండి. రాత్రి కూర్చుని ఒక్కొక్కరికి అందిన ఇనుము, ప్రొటీన్, కేలరీలు కట్టండి. మూడు రోజులు వదిలి అదే ఆదివారం లెక్క మళ్లీ కట్టండి, ఈసారి తూకాలు చూడకుండా అమ్మను మాత్రమే అడిగి. రెండు లెక్కల మధ్య తేడా ఎక్కడ వచ్చిందో వెతకాలని మీకు అనిపిస్తే, డిగ్రీ దరఖాస్తుతోపాటు ఆ కాగితాలు కూడా దాచుకోండి. ప్రాజెక్టు ఇంటర్వ్యూలో చూపించడానికి పనికొస్తాయి.