ఇంజనుకి దీపం పెట్టే ముందు

రాజపాళయం

చిరంజీవి మేనల్లుడికి,


నువ్వు పంపిన ఫోటోలు చూశాను. వైపీ తరగతి మీటర్ గేజ్ ఆవిరి ఇంజను నమూనా చెయ్యడానికి పూనుకున్నావంటే చాలా సంతోషం. మన ఊరి మీదుగా తెన్కాశి, సెంగోట్టై, అక్కణ్ణుంచి కనుమలు దాటి కొల్లం దాకా ఒకప్పుడు మీటర్ గేజ్ పట్టాలుండేవి. సెంగోట్టై–పునలూరు మధ్య మిగిలిన చివరి ముక్క కూడా 2010లో మూతబడి, 2018లో బ్రాడ్ గేజ్‌గా తెరుచుకుంది. ఆ కాలపు రైళ్ళని చూడనివాళ్ళు నీ బల్ల మీది ఇంజనుని చూసే తెలుసుకుంటారు. అందుకే అది నిజం చెప్పాలి.

విడిభాగాల పెట్టె తెరవగానే అన్నీ అతికించెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. ఆవిరి ఇంజను మీద అందం కోసం పెట్టిన పైపు ఒక్కటీ ఉండదు. ఇంజెక్టర్ సంగతే చూడు. ఇంజను వెనకుండే టెండరు నుంచి వచ్చిన నీళ్ళని ఆవిరి జోరుతో బాయిలర్లోకి తోయడం దాని పని. కాబట్టి దానికి నీళ్ళు తెచ్చే పైపు ఒకటి, ఆవిరి తెచ్చే పైపు ఒకటి, బాయిలరు వాల్వుకి వెళ్ళే పైపు ఇంకొకటి ఉండి తీరాలి. ఇవేవీ లేకుండా క్యాబ్ కింద ఇంజెక్టర్ ఒక్కటే వేలాడుతుంటే, తెలిసినవాళ్ళ చూపు ముందు అక్కడే పడుతుంది. ఇంజను కుడి ఎడమలు ఒకేలా ఉండవు. రెండు వైపుల ఫోటోలూ దగ్గర పెట్టుకుని పని చెయ్యి.

కొలత దగ్గర రాజీ పడకు. అసలు ఇంజను మీద 30 మి.మీ. లావుండే చేతికడ్డీ, 1:87 నమూనాలో మిల్లీమీటరులో మూడో వంతుకి దిగిపోతుంది. కిట్‌తో వచ్చిన మొద్దు ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి 0.4 మి.మీ. ఇత్తడి తీగ వెయ్యి. సూదితో గుర్తు పెట్టి, చేతి డ్రిల్లుతో 0.5 మి.మీ. రంధ్రం చేస్తే తీగ నిటారుగా కూర్చుంటుంది. ఈ ఒక్క మార్పుతోనే ఇంజను కళ మారిపోతుంది.

ఇక దీపం. హెడ్‌లైటు పెడితే దానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా కనబడాలి. అసలు ఇంజను మీద ఆవిరితో తిరిగే చిన్న డైనమో ఉంటుంది. దాన్నీ, దాన్నుంచి హెడ్‌లైటుకి వెళ్ళే సన్నటి వైరు గొట్టాన్నీ మర్చిపోకు. తెల్లగా మిరుమిట్లు గొలిపే ఎల్‌ఈడీ వద్దు, పసుపు ఛాయది తీసుకో. 12 వోల్టుల్లో ఎల్‌ఈడీకి 3 పోతే, మిగతా 9 రెసిస్టరు భరించాలి. 1,000 ఓమ్‌లది వేస్తే 9 మిల్లీఆంపియర్లు పారతాయి, ఆ వెలుగు మరీ ఎక్కువ. 4,700 ఓమ్‌లది వేసి, గది చీకటి చేసి చూడు. రెసిస్టరు లేకుండా నేరుగా కలిపితే ఎల్‌ఈడీ క్షణంలో మాడిపోతుంది. బాడీ లోపల నల్లరంగు పూయి, లేకపోతే ప్లాస్టిక్ అంతా వెలుగుతుంది. ఇంజనుకీ టెండరుకీ మధ్య వైర్లు వదులుగా ఉంచు, వంపుల్లో లాక్కోకూడదు. క్యాబ్‌లో ఎర్రటి వెలుగు అస్తమానం ఉండకూడదు. ఫైర్‌మ్యాన్ బొగ్గు వెయ్యడానికి పొయ్యి తలుపు తీసినప్పుడే అది బయటపడేది.

ఫోటోలు ఎన్నున్నా కళ్ళారా చూసినదానికి సాటిరావు. చెన్నైలో ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ దగ్గరి రైలు మ్యూజియానికి వెళ్ళు. మెట్టుపాళయం నుంచి కూనూరుకి మీటర్ గేజ్ మీద ఆవిరి ఇంజను ఈనాటికీ నడుస్తోంది. అది వైపీ కాదు, పళ్ళచక్రంతో కొండెక్కే ఎక్స్ తరగతి ఇంజను. అయినా పైపులు ఎలా పని చేస్తాయో దాన్ని చూస్తే తెలుస్తుంది. వచ్చే సెలవుల్లో నోటుబుక్కు పట్టుకుని ఆ రైలెక్కు. ఏ పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీసుకో. పని తెలియని భాగాన్ని అతికించకు, తెలిశాక దాన్ని వదిలిపెట్టకు.

ఆశీస్సులతో,
నీ మామయ్య