గోడలు లేని గోల్కొండ

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఉండేవారికి ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. అయితే ఒక విషయం మీరు గమనించే ఉంటారు. పొద్దుగూకిన తరువాత వీధిలో కాస్త చల్లబడినా, డాబా ఇంట్లో మాత్రం ఉక్క తగ్గదు. సూర్యుడు అస్తమించాడు కదా, మరి ఇంటిలోపల ఈ వేడి ఎక్కడిది?

పగలంతా ఎండలో కాగిన కాంక్రీటు కప్పు, తాను దాచుకున్న వేడిని రాత్రి నెమ్మదిగా గదిలోకి వదులుతుంది. కరెంటు ఉంటే ఫ్యాను తిరుగుతుంది. కాని అది తిప్పేది కూడా ఆ వేడిగాలినే!

కాంక్రీటు ఇల్లంటే ఇంతే అని సరిపెట్టుకోవాలా? అక్కరలేదు. ఎండకాచే ఊళ్లో, కాంక్రీటుతోనే కట్టి, గదులను చల్లబరిచే యంత్రం ఏదీ లేకుండా మనుషులు సుఖంగా ఉండే భవనం ఒకటి పుదుచ్చేరిలో ఉంది. దాని పేరు గోల్కొండ. ప్రపంచంలోని వాస్తుశిల్పులు దాని గురించి నేటికీ చదువుతారు, చర్చిస్తారు. దాని రహస్యం మాత్రం మీ సైన్సు పుస్తకంలోనే ఉంది.

పేరు ఎక్కడిది?

గోల్కొండ అనగానే హైదరాబాదు కోట గుర్తుకు వస్తుంది. ఈ భవనం కోట కాదు, శ్రీ అరవిందాశ్రమం వారి వసతి గృహం. అప్పట్లో పుదుచ్చేరి ఫ్రెంచి వారి పాలనలో ఉండేది. భవనం కట్టడానికి హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం నుండి లక్ష రూపాయల విరాళం అందింది. ఆ కృతజ్ఞతతోనే ఆశ్రమ నిర్వాహకురాలైన శ్రీమాత దీనికి గోల్కొండ పేరు పెట్టారు.

నమూనా గీసిన వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్. ఆయన 1888లో, నేటి చెక్ దేశంలో పుట్టాడు. అమెరికాకు వెళ్లి, ఆ తరువాత జపానులో చాలాకాలం పనిచేశాడు. ఆయనకు ఇద్దరు సహాయకులు. ఒకరు జపాను సంతతికి చెందిన అమెరికన్ జార్జ్ నకషిమా. రెండవవారు చెక్ దేశీయుడు ఫ్రాంటిషెక్ సామర్; ఆయన అంతకుముందు పారిస్‌లో ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూజియే దగ్గర పనిచేశాడు. నిర్మాణం 1937లో మొదలై, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కూడా సాగి, 1945 నాటికి పూర్తయింది. పనిలో ఆశ్రమవాసులు కూడా చేయి వేశారు. పాత ఇత్తడి పాత్రలను కరిగించి, తలుపులకు కావలసిన సామాను అక్కడే పోత పోసుకున్నారు.

ఐరోపాలో పుట్టిన ఆలోచన

సామర్ పారిస్ నుండి వెంట తెచ్చుకున్న ఆలోచన ఏమిటి? ఆ రోజుల్లో ఐరోపాలో వాస్తుశిల్పులు కొత్తదారి తొక్కారు. ఇనుము, కాంక్రీటు, గాజు వచ్చాక భవనం బరువును స్తంభాలే మోస్తాయి, గోడలు మోయనక్కరలేదు. కాబట్టి గోడ పలుచన కావచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. జర్మనీలోని డెస్సౌ పట్టణంలో వాల్టర్ గ్రోపియస్ 1926లో పూర్తిచేసిన బౌహౌస్ విద్యాలయానికి ఒక భాగంలో గోడకు బదులు గాజు తెర ఉంది. పారిస్ దగ్గర లె కార్బూజియే కట్టిన విల్లా సవోయ్‌కి నాలుగు వైపులా పొడవైన కిటికీల వరుసలు ఉన్నాయి. ఇది 1931లో పూర్తయింది. ఇప్పటికీ వేలాదిమంది వెళ్లి చూసివస్తారు.

చలిదేశంలో ఎండ అతిథి, లోపలికి పిలవాలనిపిస్తుంది. అదే గాజు భవనాన్ని తెచ్చి మన ఎండలో నిలబెడితే? గాజు గుండా వెలుగు లోపలికి వస్తుంది. నేల, గోడలు దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. అవి తిరిగి వెలువరించే పరారుణ కిరణాలను గాజు సులభంగా బయటకు పోనివ్వదు. గాలి కదలదు. గది కొలిమి అవుతుంది. బౌహౌస్ గాజుతెర వెనుక గదులే వేసవిలో వేడెక్కేవి.

రేమండ్ బృందం ఐరోపా నుండి ఆలోచనను తీసుకుంది గాని ఆకారాన్ని తీసుకోలేదు. గోడ లేకపోవచ్చు, సరే. దాని స్థానంలో గాజు ఎందుకు? గాలి ఉండనిద్దాం అనుకున్నారు.

ఎండ ఏ వైపు నుండి?

ముందుగా సూర్యుడిని లెక్కలోకి తీసుకోవాలి. పుదుచ్చేరి 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. జూన్ 21న సూర్యుడు ఇరవైమూడున్నర డిగ్రీల ఉత్తరాన ఉంటాడు. అంటే మిట్టమధ్యాహ్నం అక్కడ నడినెత్తికి సుమారు పదకొండున్నర డిగ్రీలు ఉత్తరంగా కనిపిస్తాడు. డిసెంబరు 22న మాత్రం ముప్పై అయిదున్నర డిగ్రీలు దక్షిణానికి వాలతాడు. దీన్నిబట్టి తేలేదేమిటి? వేసవి మధ్యాహ్నం ఎండ దాదాపు నిట్టనిలువుగా కప్పు మీద పడుతుంది. ఉత్తర, దక్షిణ గోడలను అది పైపైన తాకిపోతుంది. ఉదయం తూర్పు గోడను, సాయంత్రం పడమటి గోడను మాత్రం సూటిగా కొడుతుంది.

అందుకే గోల్కొండ భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవుగా సాగదీశారు. పొడుగు ముఖాలు రెండూ ఉత్తర దక్షిణాలకు ఉన్నాయి. ఎండ సూటిగా తగిలే తూర్పు, పడమటి ముఖాలు చిన్నవి. ఒక్క ఇటుక కూడా పెట్టకముందే సగం వేడి తప్పిపోయింది!

లోపలికి వెళ్దాం రండి

పొడుగు ముఖాల ముందు నిలబడితే మీకు కిటికీలు కనిపించవు, గోడా కనిపించదు. కింది నుండి పైదాకా అడ్డంగా, ఒకదాని కింద ఒకటిగా వెడల్పాటి పలకలు బిగించి ఉంటాయి. వాటిని తిప్పుకోవచ్చు. వాలుగా తెరిస్తే ఎండ పలక మీద పడి ఆగిపోతుంది. గాలి మాత్రం సందుల్లోంచి లోపలికి వస్తుంది. వాన వస్తే మూసేయవచ్చు. ఆ పలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి. ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తులకు ప్రమాదమని తరువాత తేలింది. కాబట్టి మనం నేర్చుకోవలసింది ఆ అమరికను, ఆ పదార్థాన్ని కాదు.

లోపల గదులు ఒకే వరుసలో ఉంటాయి, పక్కనే పొడవైన నడవ. గదికీ నడవకూ మధ్య పక్కకు జరిగే టేకు తలుపులు. వాటి చెక్కలను ఎడం వదిలి అమర్చారు. అందువల్ల తలుపు మూసినా లోపలి మనిషి బయటికి కనిపించడు, గాలి మాత్రం ఆగదు. ఒక ముఖం నుండి వచ్చిన గాలి గది దాటి, నడవ దాటి, రెండవ ముఖం నుండి పోతుంది. ఒంటిమీది చెమట ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడి మన ఒంటి నుండే పోతుంది కనుక చల్లగా అనిపిస్తుంది.

ఇక కప్పు. ఎండ దెబ్బంతా దానికే కదా! అందుకని కాంక్రీటు కప్పు మీద, ముందే పోత పోసిన వంపు తిరిగిన కాంక్రీటు పెంకులను మరో కప్పుగా పరిచారు. రెంటి నడుమ ఖాళీ ఉంది. ఎండకు పై కప్పు కాగుతుంది. నడుమనున్న గాలి వేడెక్కి బయటికి పోతుంది. గాలి మంచి ఉష్ణవాహకం కాదు కనుక కింది కప్పుకు చేరే వేడి తగ్గిపోతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే ఇంటికి గొడుగు పట్టారు.

కాలి కింద మన రాయి

ఇప్పుడు నేలవైపు చూడండి. నున్నగా మెరిసే నల్లని కడప రాయి! నీడలో ఉన్న బండ మీద పాదం మోపితే చల్లగా ఎందుకు ఉంటుంది? గదిలోని చెక్కబల్ల, బండ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా, రాయి మన పాదం వేడిని త్వరగా లాగుకుంటుంది. చెక్క అలా లాగలేదు.

మార్కాపురం, గిద్దలూరు విద్యార్థులకు ఈ రాయి పరాయిది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే విశాలమైన శిలాప్రాంతంలోనే నల్లమల కొండలూ మీ ఊళ్లూ ఉన్నాయి. నల్లని కడప బండ సాధారణంగా సున్నపురాయి. మార్కాపురం పలకరాయి కథ వేరు. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వమే నీటి అడుగున చేరిన బురద గట్టిపడి, ఆపైన భూమి లోపలి ఒత్తిడికి లోనై పలకరాయిగా మారింది. ఆ ఒత్తిడిలో దానిలోని సన్నని ఖనిజపు రేకులన్నీ ఒకే దిశకు తిరిగాయి. అందుకే ఉలి పెట్టి కొడితే పొరలుగా విడిపోతుంది. బడిపిల్లల పలకలు పుట్టింది ఆ గుణం వల్లనే.

మీరే చేసి చూడండి

ఒకే కొలతలున్న రెండు అట్టపెట్టెలు తీసుకోండి. ఒక్కొక్క దానిలో ఒక థర్మామీటరు ఉంచండి. మొదటి పెట్టెను అలాగే వదిలేయండి. రెండవ దానిపై నాలుగు మూలలా నాలుగు సీసా మూతలు అతికించి, వాటి మీద మరో అట్ట పరచండి. రెంటినీ మధ్యాహ్నపు ఎండలో పక్కపక్కనే పెట్టి, పది నిమిషాలకు ఒకసారి చొప్పున గంటసేపు ఉష్ణోగ్రతలు రాయండి. తరువాత మూతలు తీసేసి, అట్టను పెట్టెకు ఆనించి మళ్లీ చేయండి. తేడా చేసింది అట్టా, గాలి పొరా? మీరే తేల్చండి.

నకలు కాదు, లెక్క

అయితే గోల్కొండను ఉన్నదున్నట్టుగా గిద్దలూరులో కట్టవచ్చా? తొందరపడకండి. పుదుచ్చేరిలో సముద్రపు గాలి వీస్తుంది. పశ్చిమ ప్రకాశంలో వేసవి పగలు వీచేది వడగాలి. దాన్ని ఇంట్లోకి రానిస్తే మేలు జరగదు. అక్కడ పగలు పలకలు మూసి, రాత్రి తెరవాలి. మందపాటి గోడలు, పైన మట్టి పరిచిన పాతకాలపు మిద్దెలు చేసిన పని అదే. పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దు వాలిపోయేది. మిద్దె కట్టిన మేస్త్రీకి, గోల్కొండ గీసిన రేమండ్‌కు పరిచయం లేదు. ఇద్దరూ అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ చోట ఎండ ఎటు, గాలి ఎటు?

ఇప్పుడు మన ఊళ్లలో పడమటి ముఖం నిండా గాజు బిగించిన కొత్త భవనాలు లేస్తున్నాయి. చూడటానికి ఐరోపా భవనాల్లాగే ఉంటాయి. లోపల రోజంతా యంత్రం నడవకపోతే కూర్చోలేరు. వాటిని ఆధునికం అనవచ్చా?

గోల్కొండ నేటికీ వసతి గృహమే కనుక లోపలికి వెళ్లాలంటే ఆశ్రమం అనుమతి కావాలి. పుదుచ్చేరి వెళ్లినప్పుడు వీధిలోంచి చూసినా ఆ అడ్డపలకలు కనిపిస్తాయి. అంతకుముందే చేయగలిగిన పని ఒకటుంది. దిక్సూచి తీసుకుని మీ బడి చుట్టూ తిరగండి. ఏ గోడ పడమటికి ఉంది? గాలి ఏ కిటికీ నుండి వచ్చి ఎటు పోతోంది? కప్పుకు గొడుగు ఉందా? జవాబులను ఒక బొమ్మగా గీసి మీ మాస్టారికి చూపండి. మంచి ఇల్లు కట్టేవారు మొదట గీసే బొమ్మ కూడా అదే.