పోలీసు ఉద్యోగానికి వెళ్తున్న మనవరాలికి

మారండహళ్ళి



ఎస్సై పరీక్ష పాసయ్యావని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. నీ ఉత్తరం చివర రాసిన మాట మాత్రం నన్ను వదలడం లేదు. "తీవ్రవాదం మీద యుద్ధంలో ఇటో అటో నిలబడాలి కదా తాతా, ఇంక ఆలోచించేదేముంది?" అన్నావు. ఆ యుద్ధం అమెరికాలో జంట భవనాలు కూలిన 2001లో మొదలైందని నీ వయసువాళ్ళు అనుకుంటారు. మన ధర్మపురి జిల్లా అంతకు ఇరవై ఏళ్ళ ముందే అలాంటిదొకటి చూసింది.

1970ల చివర్లో ఇక్కడి టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు ఉండేది. అప్పు తీసుకున్న కూలీ 'కందువడ్డి' అనే దారుణమైన వడ్డీ కడుతూనే ముసలివాడయ్యేవాడు. నక్సలైట్లు ఊళ్ళలోకి వచ్చింది ఈ రెంటినీ పట్టుకునే. ఆ సెగ శ్రీకాకుళం కొండల నుంచి, మన తెలుగువాళ్ళ నుంచి కూడా వచ్చింది. 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య పెట్టిన పీపుల్స్‌వార్‌లో తమిళనాడు వాళ్ళూ కలిశారు. రెండు గ్లాసుల పద్ధతిని వాళ్ళు ఎదిరించారు. అది న్యాయం. హత్యలూ చేశారు. అది నేరం. మొదటిది చెప్పి రెండోది దాచేవాళ్ళూ, రెండోది చెప్పి మొదటిది దాచేవాళ్ళూ నీకు జీవితమంతా ఎదురవుతారు.

1980 ఆగస్టు 6న తిరుపత్తూరులో కొందరు నక్సలైట్లను పట్టుకుని కారులో తీసుకెళ్తుంటే లోపల బాంబు పేలింది. ఇన్‌స్పెక్టర్ పళనిసామి, మరో ముగ్గురు పోలీసులు చనిపోయారు. ఎం.జి.ఆర్ ప్రభుత్వం పోలీసు అధికారి వాల్టర్ దేవారం నాయకత్వంలో ఉత్తర ఆర్కాడు, ధర్మపురి జిల్లాల్లోకి ప్రత్యేక దళాన్ని దించింది. ఆ వేటకు పెట్టిన పేరు 'ఆపరేషన్ అజంతా'. అజంతా ఆ ఇన్‌స్పెక్టర్ కూతురు.

ఆ పేరు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. తండ్రిని పోగొట్టుకున్న పసిపిల్లను తలుచుకుని తోటి పోలీసుల కడుపు రగలడం సహజం. ఆ దుఃఖాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ దుఃఖమే దళానికి దారి చూపితే, బాంబు పెట్టినవాడికీ వాడికి అన్నం పెట్టినవాడికీ తేడా కనిపించదు. పట్టుకున్నవాణ్ణి కోర్టుకు తీసుకెళ్ళడం ఆలస్యం అనిపిస్తుంది. రెండు జిల్లాల్లో యువకులు 'ఎన్‌కౌంటర్'లలో వరసగా చనిపోయారు. వాళ్ళలో ఎవరు ఏం చేశారో ఏ న్యాయమూర్తీ విచారించలేదు. ధర్మపురి జిల్లా నాయకన్‌కొట్టై వైపు పనిచేసిన నక్సలైటు నాయకుడు బాలన్ పోలీసుల చేతికి చిక్కాక 1980 సెప్టెంబర్ 12న ప్రాణం విడిచాడు. తిరుపత్తూరు కారులోంచి తప్పించుకున్న శివలింగం మాత్రం 2009 దాకా దొరకలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అలాంటి కాలమే వచ్చింది. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. 2002 మార్చిలో ఉభయసభలు కలిసి కూర్చుని పోటా అనే తీవ్రవాద నిరోధక చట్టం చేశాయి. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లేది, బెయిలు గగనం, 180 రోజుల దాకా చార్జిషీటు లేకుండా లోపల ఉంచవచ్చు. పార్లమెంటులో దాన్ని సమర్థించిన తమిళ నాయకుడు వైకోనే ఆ ఏడాది జూలైలో తమిళనాడు ప్రభుత్వం ఒక ప్రసంగానికి అదే చట్టం కింద అరెస్టు చేసింది. పంతొమ్మిది నెలలు జైల్లో ఉన్నాడు. నవంబర్‌లో మన ఊత్తంగరై దగ్గర పోలీసులు నక్సలైటంటూ ఒకతన్ని కాల్చి చంపి, పట్టుకున్న పిల్లల మీద పోటా పెట్టారు. ఆడపిల్లలున్నారు, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళూ ఉన్నారు. పార్లమెంటు మీద దాడి చేసినవాళ్ళకూ వీళ్ళకూ ఏమిటి సంబంధం? చట్టం ఎవరికోసం పుట్టిందన్నది ఎవరికీ పట్టదు, చేతిలో ఉంటే వాడతారు. 2004లో పోటా రద్దయింది. బొంబాయి దాడుల తర్వాత 2008లో ఆ 180 రోజులు ఉపా అనే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలోకి వచ్చి కూర్చున్నాయి.

అమెరికా సంగతీ చూశాం. ఇరవై ఏళ్ళు అఫ్గానిస్తాన్‌లో పోరాడి, సేనలు పూర్తిగా బయటపడకముందే, 2021 ఆగస్టు 15న కాబూల్‌ను తాలిబాన్ చేతుల్లో చూసింది.

మన దగ్గర ప్రభుత్వమే గెలిచింది, కాదనను. మరి గెలిచి ఏం మిగిల్చింది? 2012 నవంబర్ 7న కులాంతర పెళ్ళి సాకుతో నాయకన్‌కొట్టై పక్కన నత్తం కాలనీలోనూ, మరో రెండు దళితవాడల్లోనూ రెండు వందలకు పైగా ఇళ్ళను కులం పేరుతో వచ్చిన గుంపులు తగలబెట్టాయి. ఒకప్పుడు నక్సలైట్ల కోసం పోలీసులు గాలించిన ప్రాంతమే అది. తుపాకులను ఏరేశారు, కులాన్ని ముట్టుకోలేదు.

తల్లీ, నిన్ను ఉద్యోగం మానమనడం లేదు. నీలాంటివాళ్ళు ఆ కుర్చీలో ఉండాలనే నా కోరిక. శిక్షణకు వెళ్ళేలోపు ఒకసారి తిరుపత్తూరు వెళ్ళి ఆ నలుగురు పోలీసులకు దండం పెట్టుకో. అక్కణ్ణుంచి నాయకన్‌కొట్టై వెళ్ళి నక్సలైటు నాయకులు అప్పు, బాలన్‌ల స్మారకం కూడా చూడు, నత్తం కాలనీలో కాసేపు కూర్చుని వాళ్ళ మాట విను. రేపు నీ స్టేషనుకు ఎవరినైనా తీవ్రవాది అని పట్టుకొస్తే, అతను ఏం చేశాడో ముందు రాయి, సాక్ష్యం ఏమిటో రాయి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టు. పైవాళ్ళు వద్దన్నా ఆ పని మానకు.

మీ తాత